దుప్పటి ఎన్ని రోజులకని కాదు, ఎవరు ఉతుకుతున్నారని అడగండి



పోయిన నెల విరుదునగర్‌లో జరిగిన మన కూటంలో లెక్కలు చదవడం అయిపోయి కాఫీ వచ్చేలోపు ఒక పెద్దాయన లేచి మాట్లాడినారు. “ఈ కాలం కోడళ్లకు వారానికొకసారి దుప్పటి మార్చాలంట, తలగడ గలీబు మార్చాలంట. కోవిల్‌పట్టిలో తాగే నీళ్లకే తిప్పలు. మన అమ్మలు నెలకొకసారి ఉతికినా ఇల్లు అద్దంలా ఉండేది. అది ఆచారం, ఇది ఆడంబరం” అన్నారు. అందరం నవ్వి చప్పట్లు కొట్టినాం. మేమూ కొట్టినాం. ఇంటికొచ్చినాక ఆ చప్పట్లు మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. ఆయన మీద కోపం లేదు, వరుసకు మాకు మామ అవుతారు. కానీ ఆయన చెప్పింది నిజం కాదు. నిజం కాదని తెలిసీ చప్పట్లు కొట్టిన మాలాంటి వాళ్లది ఇంకా పెద్ద తప్పు.

మన అమ్మలు దుప్పట్లు ఉతికినారా? అరవై దాటినవాళ్లు గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి. కరిసల్ ఊళ్లలో మన ఇళ్లకు చాకలి వచ్చేవాడు. ‘వచ్చేవాడు’ అని ఇప్పుడూ రాస్తున్నాం చూడండి, అలవాటు పోలేదు. ఆయనకు అరవై ఏళ్లు, మాకు ఎనిమిది. పేరు పెట్టి పిలిచేవాళ్లం, పొమ్మనేవాళ్లం. ఆయన భార్య మూట కట్టుకుని పోయి, ఏ గుడ్డ ఏ ఇంటిదో తెలిసేటట్టు జీడిగింజ రసంతో మూల మీద చుక్క పెట్టి, చౌడు మట్టిలో ముంచి, బానలో ఉబ్బ వేసి, చెరువులో నీళ్లుంటే చెరువులో, లేకపోతే బావి దగ్గర బండమీద బాది, ఎండబెట్టి, మడత పెట్టి తెచ్చేది. కూలి కళ్లంలో ఇన్ని సజ్జలు, ఇన్ని జొన్నలు. రాత్రి ప్రతి వాకిట్లో నిలబడితే ఒక ముద్ద సోరు. ఇంట్లో పురుడు జరిగినా, ఆడపిల్ల పెద్దమనిషి అయినా, చావు జరిగినా ఆ పరుపు మీది గుడ్డలన్నీ ఆమె చేతికే. మైల రోజుల్లో కట్టుకోవడానికి ఉతికిన చీర ‘మాట్రు’ అని తెచ్చి ఇచ్చేదీ ఆమే. మన మైల తీసేది ఆమె. మైలపడింది అనిపించుకున్నదీ ఆమే. ఇల్లు అద్దంలా ఉండిందంటే ఆ అద్దం తుడిచిన చెయ్యి మనది కాదు.

ఆ ఉబ్బ సంగతి ఇంకొంచెం చెప్పాలి. పరుపుల్లో, తలగడల్లో ఉండే కంటికి కనపడని పురుగులు యాభై అయిదు, అరవై డిగ్రీల వేడికి చస్తాయని, దుప్పట్లు వేడి నీళ్లలో ఉతకమని ఇప్పుడు డాక్టర్లు చెబుతున్నారు. బానలో ఆవిరి వేడి అంతకంటే ఎక్కువ. అంటే ఊళ్లో ఎవరికీ తెలియని శుభ్రం ఆ కుటుంబానికి తెలుసు. బడిలో మాకు ఆరోగ్య పాఠం చెప్పినవాళ్లెవరూ ఆ బాన దగ్గరికి పోయి చూసిరమ్మని చెప్పలేదు.

చదువుకున్నవాళ్లు ఇంకొక విషయం కూడా గుర్తు పెట్టుకోవాలి. 1932 డిసెంబరు 24న ‘హిందూ’ పత్రికలో మన తిరునెల్వేలి జిల్లా గురించే ఒక వార్త వచ్చింది. అప్పుడు కోవిల్‌పట్టి ఆ జిల్లాలోదే. దళితుల బట్టలు ఉతికే పుతిరై వణ్ణార్లు పగటిపూట ఎవరి కంటా పడకూడదు, అర్ధరాత్రి నుంచి తెల్లవారేలోపు పని ముగించుకోవాలి అని అందులో ఉంది. అంటరాదు అనేది మనకు తెలుసు. చూడనే కూడదు అనేది ఈ నేల మీద ఉండింది. ఇమయం గారు 1994లో తెచ్చిన ‘కోవేరు కళుదైగళ్’ నవల ఆ కులంలోని ఒక కుటుంబం కథే. తమిళం చదవగలిగినవాళ్లం మనలో ముప్పాతిక మంది ఉన్నాం, చదవండి. మాపిన వాడి కంటే ఉతికిన వాడు తక్కువ అనే లెక్క ఎంత దూరం పోతుందో అందులో తెలుస్తుంది.

సరే, ఆ కుటుంబాల పిల్లలు చదువుకున్నారు, మూట దించినారు. మంచిదయింది. దించిన మూట ఎక్కడికి పోయింది? మన ఆడవాళ్ల నెత్తి మీదికి. మగవాళ్లం ఎవరూ దాన్ని అందుకోలేదు. అమ్మ, తరువాత భార్య, తరువాత కోడలు. అంతే వరుస. ఆ కోడలు వారానికొకసారి ఉతుకుతానంటే ఆడంబరం అంటున్నాం. ఉతికేది ఆమె, నడుము పోయేది ఆమెకు, మనకేం నొప్పి?

మాకు ఈ బుద్ధి ఊరికే రాలేదు. రెండేళ్ల కిందట ఆడి మాసంలో మా ఇంటావిడ తడి దుప్పట్ల బకెట్టు మోసుకుని మేడ మెట్లు ఎక్కుతూ జారి పడింది. మణికట్టు విరిగింది. కట్టు విప్పేవరకు నలభై రోజులు పని మా చేతికి వచ్చింది. రైల్వేలో ముప్పై ఏడేళ్లు లెక్కలు రాసిన చేతులు. డబుల్ కాట్ దుప్పటి తడిస్తే ఎంత బరువో ఆ రోజు తెలిసింది. ఒక్కరు పిండలేరు, ఒక కొస కుళాయికి చుట్టి ఇంకొక కొస మెలిపెట్టాలి. బోరు నీళ్లు ఉప్పు, సబ్బు నురగ రాదు. ఆరవేస్తే ఆడి గాలి. కయత్తారు గాలిమరలు తిప్పే ఆ గాలే మన మేడ మీది దుప్పట్లనూ తిప్పుతుంది, నల్లమట్టి దుమ్ము అద్దుతుంది. ఒక దుప్పటి పక్క సందులో వేపచెట్టు మీద దొరికింది. మూడో వారం మేము చేసిన పని చెబితే నవ్వుతారు: మురికి కనపడకూడదని దుప్పటి తిరగేసి పరిచినాం! పెళ్లయి ముప్పై ఆరేళ్లలో ఆమె ఒక్కసారి అట్లా చేసి ఉంటే మేము ఏమనేవాళ్లమో ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు. ఆమె చూసింది, ఏమీ అనలేదు.

నీళ్ల మాటకు వద్దాం. సీవలప్పేరి నుంచి తామ్రపర్ణి నీళ్లు రావాలి, వచ్చిన రోజు డ్రమ్ములు నింపుకోవాలి, నిజమే. కానీ అదే ఇంట్లో కారు కడగడానికి పైపు పెడతాం. అప్పుడు కరువు గుర్తుకు రాదు. దుప్పటి అలిచిన నీళ్లు మునగచెట్టుకు, కొబ్బరిచెట్టుకు పోతాయి, వాకిలి కడగడానికీ పనికొస్తాయి. ఎన్ని రోజులకు అని అడిగితే మా జవాబు: తలకు నూనె పెట్టుకునే మనకు గలీబు వారానికి రెండు, దుప్పటి వారానికి ఒకటి. నీళ్లు రాని వారం పది రోజులు కానివ్వండి, ప్రాణం పోదు. ఇంట్లో ఒకరికి గజ్జి వస్తే మాత్రం లెక్క మారుతుంది. అందరి దుప్పట్లూ ఒకే రోజు వేడి నీళ్లలో వేయాలి. ఉతకలేని బొంతలు సంచిలో కట్టి వారం పక్కన పెట్టాలి. ఒంటి మీద నుంచి దిగిన గజ్జి పురుగు రెండు మూడు రోజులకు మించి బతకదు.

రైలు కంబళ్ల గురించి మన గ్రూపులో ఎంత నవ్వుకున్నాం! ఏసీ పెట్టె కంబళి రెండు నెలలకొకసారి ఉతుకుతామని 2016లో పార్లమెంటులో చెప్పినారు, 2024 నవంబరులో నెలకొకసారైనా ఉతుకుతున్నామన్నారు. సిగ్గులేదా అని రాసినవాళ్లలో మేమూ ఉన్నాం, పింఛను తింటున్న ఇంటినే తిట్టినాం. ఇప్పుడు అడుగుతున్నాం: మీ ఇంట్లో రజాయి చివరిసారి ఎప్పుడు ఉతికినారు? రైల్లో దుప్పటి అయినా ప్రయాణానికొకటి మారుతుంది. మన బీరువాలో అల్లుడు వస్తే పరవడానికి కొత్త దుప్పటి జత నాఫ్తలీన్ ఉండల మధ్య పదేళ్లుగా నిద్రపోతూ ఉంటుంది, మనం చిరుగు మీద పడుకుంటాం.

ఇది రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాం. ఆ మూడు రోజులు ఆడపిల్లకు వేరే చాప, వేరే తలగడ, తెల్లవారి ఆ పిల్లే ఎవరూ చూడకముందే ఉతుక్కోవాలి. మన ఇళ్లలో ఇంకా ఉంది. మా ఇంట్లో ఉండింది. మా కూతురు చెన్నైలో ఉద్యోగానికి పోయినాక ఒకసారి అడిగింది: “నాయనా, ఆ చాప ఇంకా ఉందా?” ఉంది. అటక మీద ఉంది. ఆ రోజు దించి పారేసినాం. పదిహేనేళ్లు ఆలస్యంగా. మాట్రు తెచ్చి ఇచ్చిన ఆమెను వాకిట్లో నిలబెట్టినాం, కన్న కూతుర్ని వరండాలో పడుకోబెట్టినాం. రెండూ ఒకే ఆచారం.

ఇక మన కల్యాణ మండపం. పెళ్లికొడుకు గదిలో తలగడలకు గలీబులు లేవు. పరుపు మీద ఎన్ని పెళ్లిళ్ల మరకలో లెక్క లేదు. పెళ్లివారు ఫిర్యాదు చేస్తే మేనేజరు దుప్పటి ఇంకొకటి పైన పరుస్తాడు. దీనికి డబ్బు లేదంటున్నాం, ముందు వాకిట ఆర్చి కట్టడానికి మాత్రం చందా పుస్తకం అచ్చు వేసినాం. వచ్చే కూటంలో మేము తీర్మానం పెడుతున్నాం. ఆర్చి ఒక సంవత్సరం ఆగాలి. ఒక్కో తలగడకు రెండు గలీబులు, ఒక్కో మంచానికి మూడు దుప్పట్లు, ఒక పెద్ద వాషింగ్ మెషిన్ కొనాలి. నడిపే మనిషికి మేనేజరుతో సమానంగా నెల జీతం, ఆఫీసు గదిలో అందరితో పాటు కుర్చీ. ఆ మనిషిని ‘ఏమండీ’ అని పిలవాలి. మామగారూ, మొదటి సంతకం మీరు పెడితే రెండోది మాది.