ఏజెంటుగారి అమరకోశం

పర్యాయపదాలు ఎవరికి బాగా వచ్చునని అడిగితే ఒకప్పుడు సంస్కృత పండితుల పేర్లు చెప్పేవాళ్ళం. ఇప్పుడా గౌరవం స్థలాలమ్మే ఏజెంట్లకు దక్కాలని నా మనవి. అమరసింహుడు కూడా 'అమ్మకం' అన్న ఒక్క మాటకి ఇన్ని పేర్లు కూర్చి ఉండడు. లీజు, లైసెన్సు, పొత్తు, సభ్యత్వం, అభివృద్ధి ఒప్పందం, తొంభై తొమ్మిదేళ్ళ అనుభవ హక్కు - ఇవన్నీ దేని పేర్లండీ అంటే, కొండని అమ్మడానికి పేర్లు. 'అమ్ముతాం' అని నోరారా అనడానికి వీల్లేదు గనక ఇన్ని పేర్లు పెట్టవలసి వచ్చింది.

ఎందుకు వీల్లేదో రెండు ముక్కల్లో చెప్తాను. పాడేరు నుంచి పెదబయలు మీదుగా ముంచింగిపుట్టు దాకా, ఆపైన ఒడిశా సరిహద్దు దాకా ఉన్న మన్యమంతా షెడ్యూల్డు ప్రాంతం. అక్కడి నేల గిరిజనుడి చేతిలోంచి బయటివాడి చేతిలోకి పోకూడదని 1917లోనే మద్రాసు ప్రభుత్వం చట్టం చేసింది. 1959లో ఆంధ్ర ప్రభుత్వం మరో రెగ్యులేషను తెచ్చింది. దాన్ని బిగించిన 1970 సవరణనే జనం 'వన్ ఆఫ్ సెవెంటీ' అంటారు. దాని ప్రకారం అక్కడ భూమిని గిరిజనుడికో, అచ్చంగా గిరిజనుల సహకార సంఘానికో తప్ప ఇంకెవరికీ ఇవ్వరాదు. గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. బయటివాడి స్వాధీనంలో భూమి కనిపిస్తే అది గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవలసిన భారం ఆ బయటివాడిదే.

ఈమధ్య మా ఇంటికి వచ్చిన ఒక ఏజెంటుగారితో ఈ మాటే అన్నాను. ఆయన ఏమీ కంగారుపడలేదు. "మనం కొనడం లేదు కదమ్మా! అరకు దాటి ముంచింగిపుట్టు వైపు ఎకరం. భూమి అక్కడి కుర్రాడి పేరే ఉంటుంది. మనకి ఒప్పందం రాసిస్తాడు, నోటరీ చేయిస్తాం. ఆ కుర్రాడు మన మనిషే!" అన్నాడు.

ఈ 'మన మనిషే' అన్న మాట ఉంది చూశారూ, నన్నడిగితే మొత్తం వ్యాపార రహస్యమంతా అందులోనే ఉంది. ఆ కుర్రాడు మన మనిషి ఎప్పటినుంచి అయ్యాడు? వాడి ఊరు మనకి తెలీదు, వాళ్ళమ్మ పేరు తెలీదు, వాడు మాట్లాడే భాషలో మంచినీళ్ళని ఏమంటారో తెలీదు. సంతకం పెట్టే వేలు ఒకటి కావాలి గనక మన మనిషి అయ్యాడు.

మిగతా ఉపాయాలు కూడా చెప్పుకోవద్దూ? మొదటిది, ఊరి పేరు మింగెయ్యడం. ముంచింగిపుట్టు అంటే పట్నంవాడు గుర్తుపట్టడు, అందుకని కరపత్రంలో అది 'అరకు వ్యూ' అవుతుంది. రెండోది బొమ్మ. కార్తీకంలో వలిసెపూలు పూసి కొండవాలంతా పసుపు ముద్దయినప్పుడు ఫోటో తీసి అట్టమీద వేస్తారు. ఆ వలిసెలు చల్లిన మనిషి మాత్రం ఫోటోలో ఉండడు. మూడోది తొందర. 'ఈ ఆదివారం దాటితే ధర పెరుగుతుంది.' నాలుగోది ఉచిత కారు, దారిలో బొంగు చికెను. ఐదోది అచ్చంగా మన ఆడవాళ్ళకోసం దాచిపెట్టిన బాణం - 'పాప పెళ్ళి నాటికి పదింతలవుతుందమ్మా!' పాప పెళ్ళి పేరు చెప్తే మనం బంగారమే కాదు, బండరాయైనా కొంటామని వాళ్ళకి తెలుసు.

అయితే ఏజెంటుగారి అమరకోశాన్ని మించినది ఒకటుంది. ఆ రెగ్యులేషనులోనే 'బదిలీ' అంటే ఏమిటో రాసి ఉంది. అమ్మకం, తనఖా, లీజు, దానం, మార్పిడి, ఇంకా ఆ ఆస్తికి సంబంధించిన ఏ వ్యవహారమైనా, వాటికోసం రాసుకునే ఒప్పందమైనా బదిలీయే. రాసినవాళ్ళు ఎవరో గాని మహా గట్టివాళ్ళు! ఏజెంటుగారు రేపు పెట్టబోయే పేర్లన్నీ ముందే ఊహించి తలుపులు మూసేశారు. 1997లో సమత కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజుల గొడవ అది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వం కూడా తన భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వరాదని తేల్చింది. సర్కారుకే చెల్లని లీజు నోటరీ ముద్రతో మనకి చెల్లుతుందా?

'మన మనిషి' పేర కొన్నది బేనామీ. 1988 చట్టం ప్రకారం ఆ ఆస్తి నాదేనని కోర్టుకెక్కే హక్కు డబ్బు పెట్టినవాడికి లేదు. 2016 సవరణ తర్వాత జప్తు కూడా చెయ్యవచ్చు. అడవి హక్కుల చట్టం కింద 2006 తర్వాత వచ్చిన పట్టా అయితే వారసులకి వస్తుంది గాని అమ్మడానికి వీల్లేదు. అంచేత మన సొమ్ము పోతే అడిగే దిక్కుండదు. ఏజెంటుగారి కమిషను మాత్రం అప్పటికే ఆయన జేబులో ఉంటుంది.

దీనికి చదువుకున్నవాళ్ళే చెప్పే జవాబొకటుంది. 'చట్టం వల్ల గిరిజనుడికే నష్టమండీ, మంచి ధర రావడం లేదు, అభివృద్ధి ఆగిపోయింది' అంటారు. ఎంత దయ! ఈ దయ కొండ కింద చాలాకాలంగా ఉన్నదే. సంతలో అప్పిచ్చి, పండకముందే పిప్పళ్ళూ పసుపూ తన తూకంతో తూచుకుపోయిన సాహుకారుకీ ఇలాంటి దయే ఉండేది. ఆ తూకం నుంచి తప్పించాలనే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. తమకేది మేలో గిరిజనులే చెప్పారు కూడా. పర్యాటకం కోసం చట్టాన్ని సడలిస్తారన్న మాట వినగానే 2025 ఫిబ్రవరిలో మన్యమంతా 48 గంటలు బంద్ పాటించారు. చట్టం మార్చబోమని ప్రభుత్వం చెప్పవలసి వచ్చింది. మేలు పొందవలసినవాళ్ళే వద్దని దుకాణాలు మూసి కూర్చుంటే, ఆ మేలు ఎవరికోసమో వేరే చెప్పాలా?

మార్కెటింగు అంటేనే పాపమని నేననడం లేదు సుమా. ఆ కొండల నీడలో, మిరియం తీగల పక్కన పండిన కాఫీనీ మార్కెటింగే చేశారు. 2017లో అరకు పేరుతో పారిస్‌లో కాఫీ దుకాణం వెలిసింది. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు దొరికింది. అక్కడ ఊరి పేరు మింగెయ్యలేదు, అట్టమీద అచ్చేశారు. గింజ ఓడెక్కిపోయింది, నేల ఎక్కడిదక్కడే ఉంది. మళ్ళీ ఏడు మళ్ళీ కాస్తుంది. తెలివితేటలు చూపించాలంటే అలాంటి చోట చూపించాలి. పంట అమ్మడానికి తెలివి కావాలి. నేల అమ్మడానికి మాటలు చాలు.

అక్కలారా, చెల్లెళ్ళారా, ఇళ్ళల్లో డబ్బు సంగతి మగవాళ్ళు మాట్లాడినా సరేననేది చివరికి మనమే. అంచేత మీ గుమ్మంలోకి కొండ వచ్చినప్పుడు కాఫీ ఇచ్చి మూడు ప్రశ్నలు వెయ్యండి. ఈ భూమి ఏ ఊళ్ళో ఉంది, అది షెడ్యూల్డు ప్రాంతమా? నా పేర రిజిస్టరు చేస్తారా? మీకూ మీ లేఅవుటుకూ రెరా నమోదు నంబర్లు ఏవి? 2016 నాటి ఆ చట్టం ప్రకారం నమోదు కావలసిన లేఅవుటుకి అది లేకుండా ప్రకటన వెయ్యడమే తప్పు. మూడింటికీ సూటిగా జవాబు చెప్పకుండా 'మన మనిషే' అన్నాడంటే మాత్రం ఇంకో ప్రశ్న వెయ్యకండి. ఆ మాట అవతల కుర్రాడితో మన గురించి కూడా అనే ఉంటాడు.