ఎంఏ ఎకనామిక్స్ సీటు: కటాఫ్ కంటే ముందు చూడాల్సినవి

డిగ్రీ ఫైనలియర్ పిల్లలున్న ఇళ్లలో ఒకటే లెక్క నడుస్తుంటుంది. నిరుడు ఎన్ని మార్కులకు సీటొచ్చింది, మనోళ్లకు ఎన్నొస్తాయి? ఆ అంకె తెలిస్తే చాలు అనుకుంటారు. కానీ పేపర్ కష్టంగా వచ్చిన ఏడు కటాఫ్ దిగుతుంది, తేలికగా వస్తే ఎక్కుతుంది. దాని మీదే ఆశ పెట్టుకోవడం, దాన్ని చూసే ఆశ వదులుకోవడం రెండూ తొందరపాటే.

ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, జేఎన్‌యూ, మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఎంఏకి సీయూఈటీ పీజీ స్కోరు చూస్తున్నాయి. 2025 పరీక్షలో 75 ప్రశ్నలు, 300 మార్కులు. ఒప్పుకు 4, తప్పుకు 1 కోత. పాత పేపర్ ఒకటి గడియారం పెట్టుకుని రాస్తే సొంత బలం తెలుస్తుంది. 40 ఒప్పులు, 20 తప్పులు అంటే చేతికొచ్చేది 140, 160 కాదు.

అసలు చిక్కు లెక్కల దగ్గర. ఇంటర్‌లో ఎంఈసీ చదివినవాళ్లకు కాల్క్యులస్, మాట్రిక్స్ కొత్త కాదు. సీఈసీ నుంచి బీకాంకి వచ్చినవాళ్లు మాథ్స్‌ను పదో తరగతిలోనే వదిలేసి ఉంటారు. బీకాంలో మార్కులు బాగా వచ్చినా ఆ లోటు పూడదు. అలాగని దారి మూసుకుపోయినట్టూ కాదు, ఏడాది ముందు మొదలుపెడితే అందుకోవచ్చు. రెండు నెలల కోచింగ్‌తో అయిపోతుందంటే మాత్రం నమ్మకూడదు. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ సొంతంగా పెట్టే పరీక్షలో ఒక పేపర్ మొత్తం దాదాపు లెక్కలే. సీటొస్తే అక్కడ స్టైపెండ్ కూడా ఇస్తారు.

మన ఇళ్లలో ఎక్కువ మంది తడబడేది కేటగిరీ దగ్గర. బీసీ-ఈ 4 శాతం రిజర్వేషన్ రాష్ట్ర సీట్లకే. ఉదాహరణకు షేక్ వర్గం బీసీ-ఈలో ఉంది గానీ కేంద్ర ఓబీసీ జాబితాలో లేదు. దూదేకుల వాళ్లు రాష్ట్రంలో బీసీ-బీలో ఉన్నారు, కేంద్ర ఓబీసీ జాబితాలోనూ ఉన్నారు. చేతిలో బీసీ-ఈ సర్టిఫికెట్ ఉంది కదా అని ఫారంలో ఓబీసీ టిక్ పెడితే వెరిఫికేషన్‌లో ఆగిపోతుంది. కేంద్ర జాబితాలో పేరు లేనివాళ్లకు, అలాగే సయ్యద్, పఠాన్, మొఘల్ కుటుంబాలకు 10 శాతం ఈడబ్ల్యూఎస్ కోటా ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండాలి. 5 ఎకరాల పొలం గానీ, వెయ్యి చదరపు అడుగుల ఫ్లాట్ గానీ ఉంటే రాదు. ఆర్థిక సంవత్సరం మారితే సర్టిఫికెట్ కొత్తగా తీయించుకోవాలి. ఏప్రిల్‌లోనే తహసీల్దార్ ఆఫీసు పని చూసుకుంటే మేలు.

ఆ తర్వాత పీహెచ్‌డీ అనుకునేవాళ్లకు మౌలానా ఆజాద్ ఫెలోషిప్ ఇక లేదు, కేంద్రం 2022-23 నుంచి ఆపేసింది. మిగిలిన ప్రధాన దారి నెట్‌లో జేఆర్ఎఫ్. అమెరికాలో మంచి డిపార్ట్‌మెంట్లు పీహెచ్‌డీకి ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ ఇస్తాయి. అయితే వాళ్లు అడిగేది డిగ్రీ స్థాయి గణితం, దగ్గరగా చూసిన లెక్చరర్ల సిఫారసు లేఖలు. పైగా 2025లో అక్కడ కొన్ని యూనివర్సిటీలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించాయి.

ఇంకో మాట. సీయూఈటీ రాయడంతో పని అయిపోదు. ఢిల్లీకి, జేఎన్‌యూకి, హైదరాబాద్‌కి ఎక్కడికక్కడ విడిగా రిజిస్టర్ చేసుకోవాలి. మంచి స్కోరు వచ్చినా ఆ గడువు దాటితే లిస్టులో పేరుండదు.