బదులుకు ఓ లెక్క

నాట్ల కాలంలో మన పల్లెల్లో ‘బదులు’ పోవడం పాత అలవాటే. ఇవాళ మీ పొలంలో, రేపు మా పొలంలో. మధ్యలో పైసల మాట లేదు. గంభీరావుపేటలో ఇప్పుడు ఆ బదులు ఇళ్లకు కావాలి. కొడుకు గల్ఫ్‌లో ఉన్న అవ్వ దగ్గర ఆటో కిరాయి ఉంటుంది, సిరిసిల్ల దవాఖానకు తోడొచ్చే మనిషే ఉండరు. పక్కింటివాళ్లను రెండోసారి అడగాలంటే మొహమాటం. షుగర్ పరీక్ష అలా వాయిదా పడుతూ పోతుంది.

1973లో జపాన్‌లోని ఒసాకాలో తెరుకో మిజుషిమా గంట సాయానికి గంట జమ అనే లెక్క మొదలుపెట్టారు. అదే టైమ్ బ్యాంక్. లెక్క ఉంటే మొహమాటం ఉండదు. దవాఖానలో గడిచిన గంటలను అవ్వ పక్కింటి పిల్లలను చూసుకుని తీర్చేస్తుంది. ఇంజెక్షన్లు, కట్లు మాత్రం నర్సుకే వదలాలి. వాడకట్టులో పది ఇళ్లు, ఒక నోట్‌బుక్కు ఉంటే మొదలుపెట్టవచ్చు.