రేవు పాసుకు అడ్డం వచ్చే పాత కేసు

విశాఖపట్నం: రేవులోకి లారీ తోలుకుపోవాలంటే డ్రైవరుకు లైసెన్సు ఒక్కటే చాలదు. గేటు వద్ద కాపలా ఉండే కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం జవానుకు ప్రవేశ పాసు చూపాలి. రోజువారీ పాసులతో కాలక్షేపం చేయక, ఎక్కువకాలం చెల్లే పాసు కావాలనుకుంటే ఆ మనిషిపై కేసులేమీ లేవని పోలీసుల ధ్రువపత్రం తేవలసి ఉంటుంది. చిక్కంతా ఇక్కడే వస్తున్నది.

ఈ కట్టుదిట్టాలకు కారణం లేకపోలేదు. 2001 సెప్టెంబరు 11న అమెరికాపై జరిగిన దాడుల తరువాత అంతర్జాతీయ నౌకాయాన సంస్థ 2002 డిసెంబరులో లండన్‌లో ఓడలకు, రేవులకు కొత్త భద్రతా నియమావళిని ఆమోదించింది. 2004 జూలై 1 నుంచి అది అమలులోకి వచ్చింది. విదేశీ ఓడలు వచ్చే రేవుల్లోకి ఎవరు వస్తున్నదీ, ఎందుకు వస్తున్నదీ తెలిసి ఉండాలన్నది దాని సారాంశం. 1997 సెప్టెంబరు 14న హెచ్.పి.సి.ఎల్. రిఫైనరీలో గ్యాసు అంటుకొని పలువురు మరణించిన దుర్ఘటనను చూసిన విశాఖవాసులకు జాగ్రత్త అవసరమని వేరే చెప్పనక్కరలేదు. అది విద్రోహం కాదు, ప్రమాదమే. అయినా ఆయిలు, గ్యాసు నిల్వలున్న చోట ఏమరుపాటు ఎంత నష్టం తెస్తుందో ఆ రోజు తెలిసివచ్చింది.

కనుక విచారణే వద్దని ఎవరూ అనరు. ఆ విచారణలో దేనిని నేరంగా లెక్కించాలన్నదే ప్రశ్న.

ఇరవై ఏళ్ళుగా రోడ్డు మీద బతుకుతున్న డ్రైవరు సంగతే తీసుకుందాం. ఎప్పుడో ఒక రాత్రి సైకిలు మనిషి అడ్డం వచ్చి లారీ కింద పడి చనిపోతే కేసు తప్పదు. 2024 జూన్ వరకు అది భారత శిక్షాస్మృతి 304-ఎ సెక్షను. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను వచ్చి, గరిష్ఠ శిక్ష రెండేళ్ళ నుంచి అయిదేళ్ళకు పెరిగింది. మృతుని కుటుంబం క్షమించినా ఈ కేసును రాజీతో మూసివేయడానికి వీలులేదు. కోర్టులో అది ఏళ్ళ తరబడి నడుస్తుంది. అంతకాలమూ పోలీసు రికార్డులో ఆ డ్రైవరు క్రిమినల్ కేసులో ముద్దాయే. దొంగసరుకు తోలినవాడూ, బ్రేకు వేసినా బండి ఆగనివాడూ ఒకే కాగితం మీద ఒకే వరుసలో కనబడతారు.

అమెరికాలోనూ రేవుల్లోకి వెళ్ళే డ్రైవర్లకు వేలిముద్రలు తీసుకొని, నేర చరిత్ర చూసి గుర్తింపు కార్డు ఇస్తారు. 2007లో మొదలైన ఆ కార్డు అయిదేళ్ళు చెల్లుతుంది. అయితే అక్కడ ఏయే నేరాలకు కార్డు రాదో ముందే జాబితా రాసి ఉంచారు. గూఢచర్యం, దేశద్రోహం, హత్య వంటివాటికి శాశ్వత నిషేధం. దోపిడి, దొంగరవాణా వంటివాటికి శిక్షపడి ఏడేళ్ళు, జైలు నుంచి విడుదలై అయిదేళ్ళు దాటితే అడ్డు తొలగుతుంది. పొరపాటున జరిగిన రోడ్డు ప్రమాదం ఆ జాబితాలో లేదు. కార్డు నిరాకరిస్తే అప్పీలు చేసుకునే హక్కు కూడా ఉన్నది.

మన రేవుల్లోనూ ఇంతపాటి స్పష్టత ఉంటే భద్రతకు లోటేమీ రాదు. పాసుకు అడ్డమయ్యే నేరాలు ఏవో, ఎన్నేళ్ళ వరకు అడ్డమో తెలుగులో, హిందీలో రాసి గేటు వద్ద పెట్టవచ్చు. ప్రమాదం కేసులను వేరుగా చూడవచ్చు. పాసు నిరాకరిస్తే కారణం రాసి ఇచ్చి, పై అధికారికి చెప్పుకునే గడువు చూపవచ్చు. స్వగ్రామం పోలీసుస్టేషను నుంచి కాగితం రావడానికి పట్టే రోజుల్లో డ్రైవరుకు బత్తా ఉండదు, ట్రిప్పు ఉండదు. యజమాని మరొకరిని చూసుకుంటాడు.

రేవుకు కీడు తలపెట్టేవాడిని ఆపడానికే ఈ పాసు. బతుకుతెరువులో ఒకనాడు ప్రమాదం పాలైన డ్రైవరు ఆ కోవలోకి రాడన్న సంగతి అధికారులు గుర్తించవలసి ఉన్నది.