మూడవ వేసవి

పౌర్ణమినాడు తిరువణ్ణామలైకి పోవు ఆంధ్రులు నేడు వేలకు వేలు. రాత్రియెల్ల దాదాపు 14 కిలోమీటర్ల గిరిప్రదక్షిణము చేసి, తెల్లవారుజామున కాళ్లు పీకుచుండగా బస్సెక్కి మరలివచ్చుచుందురు. ఆ వీధులలో అంగళ్ల పలకలు కూడ తెలుగు నేర్చినవి. అయినను ఆ కొండ చుట్టును తిరిగినవారిలో ఆ కొండ ఎట్లు పచ్చబడినదని అడిగినవారెందరు? చీకటిలో నడచువారికి చెట్టు కనబడదు, నిజమే. పగలు చూచినవారికైనను అవి అనాదిగా అక్కడనే యున్నట్లు తోచును. కాని వానిలో పెక్కు చెట్లు ఈ ముప్పది నలుబదియేండ్లలో మనుష్యులు తమ చేతులతో నాటి బ్రతికించినవి. ఆ చేతులలో బడిపిల్లల చేతులును కలవు.

అరుణాచలముతో తెలుగువారి బంధము నిన్నటిది కాదు. బొబ్బిలి ప్రాంతమున కలువరాయిలో జన్మించిన కావ్యకంఠ గణపతిముని 1907వ సంవత్సరమున ఆ కొండమీది విరూపాక్షగుహ మెట్లెక్కి, అచట మౌనముగా కూర్చుండిన యువకునకు రమణమహర్షి యను పేరు పెట్టినవాడు. గత శతాబ్దపు ఛాయాచిత్రములను చూచినచో ఆ కొండ బోడితలవలె నుండును: బండ, గడ్డి, మరల బండ. వంటకట్టెలకు కొట్టిన చెట్టు మరల చిగిర్చులోపల మేక కొరికినది. మేక విడిచినదానిని వేసవిమంట దహించినది. కొండ తనంతట తాను కోలుకొనుటకు ఈ మూడింటిలో ఏదియు తీరిక ఈయలేదు. 1980వ దశకము చివరనుండి అచట స్థిరపడిన కొందరు, ఆ యూరివారు, కూలివారు, బడిపిల్లలు కలిసి మొక్కలు పెంచ మొదలిడిరి. ఆ పని నేటికిని సాగుచున్నది. ప్రభుత్వపు అటవీశాఖయు తన పని తాను చేసినది. అయినను ఏండ్ల తరబడి అదే వాలునకు మరల మరల ఎక్కినవారి ఓర్పే ఇచట మా దృష్టిని ఆకర్షించినది.

ఈ పని చేయు విధానమును కొంచెము వివరముగా చెప్పుట అవసరము. ఏలయన మన పట్టణములలో మొక్క నాటుట యనగా గుంట త్రవ్వి, మొక్క పెట్టి, చెంబెడు నీరు పోసి, చప్పట్లు కొట్టుట యను భావము స్థిరపడిపోయినది. కొండమీద పని అది కాదు. పని విత్తనముతో మొదలగును. చుట్టుప్రక్కల అడవులలో మిగిలిన పాత చెట్లక్రింద విత్తనములేరి, నారుమడిలో పెంచవలెను. నేరేడు, రేల, ఇప్ప, పాల, తాని, ఉసిరి, మోదుగ వంటి ఆ నేలకు పుట్టిన జాతులే కొండయెండకు తాళును. వాలునందు గుంటకు దిగువగా అర్ధచంద్రాకారముగా మట్టికట్ట వేసినచో పారిపోవు వాననీరు కొంత నిలిచి వేరునకు దిగును. పైకి నీరు మోసికొనిపోయి వేలాది మొక్కలకు పోయుట యెవరి తరమును కాదు; కావున వానయే తోటమాలి. ఆ ప్రాంతమున ఈశాన్య ఋతుపవనము నిలకడగా కురియునప్పుడు నాటిన మొక్కకే వేసవి రాకముందు వేరు దిగుటకు అవకాశము కలుగును.

అటుపిమ్మట వచ్చునది మంట. కొండను కప్పిన బోదగడ్డి మాఘఫాల్గుణములలో ఎండి చెత్తయగును. ఎవరో పారవేసిన బీడీ, ఎవరో లేతగడ్డి రావలెనని పెట్టిన నిప్పు, ఒక్క గాలి చాలును. మూడేండ్ల శ్రమ మూడు గంటలలో బూడిద. అందుచేత ఎండలు ముదరకముందే కొండకు అడ్డముగా వెడల్పయిన బాటలవలె గడ్డికోసి తీసివేయుదురు. నిప్పు అచటికి వచ్చి తినుటకేమియు లేక ఆగవలెను. ప్రతి సంవత్సరమును ఈ పని మొదటినుండి చేయవలసినదే; ఒక యేడు మానినచో అంతకుముందు చేసినదెల్ల పణమొడ్డినట్లే. మొక్క పెరిగి నీడపట్టిన తరువాత మాత్రమే గడ్డి తనంతట పలుచబడును, నిప్పునకు మేత తగ్గును. అంతవరకును కొండకు కావలివాడు కావలెను.

పిల్లలకు ఇందులో ఏమి పని? మంటలార్పుటకు వారిని పంపుమని మేమనము. అది పెద్దల పని. కాని విత్తనములేరుట, నారుసంచులలో మట్టి నింపుట, మొక్కను చంకనెత్తుకొని వాలునెక్కి తన చేతితో గుంటలో నిలుపుట, మరుసటి వేసవిలో పోయి అది యున్నదో లేదో చూచుట, ఇవి పిల్లలు పెద్దలకంటె మేలుగా చేయుదురు. మరుసటి వేసవిలో పోయి చూచుట యను మాటను చదువరులు గమనింపవలెను. తాను నాటిన మొక్క ఎండిపోయి పుల్లయై నిలిచియుండగా చూచిన పిల్లవాడు వ్యవసాయశాస్త్రమున ఒక పాఠము కాదు, పది పాఠములు నేర్చును. వేరు ఎందుకు దిగలేదు? గుంట వాలునకు ఏ ప్రక్క త్రవ్వితిమి? పక్కవాడి మొక్క యెట్లు బ్రతికినది? ఈ ప్రశ్నలకు ఉత్తరము చెప్పగల పంతులుగారు కూడ ఆ వేసవిలో కొండనెక్కియుండవలెను.

మన యొద్ద జరుగుచున్నదేమి? 1950వ సంవత్సరమున కన్హయ్యలాల్ మున్షీగారు కేంద్రమంత్రిగా వనమహోత్సవమును ప్రారంభించినప్పుడు దానిలో గొప్ప ఆశయముండెను. ఏండ్లు గడచిన కొలది మహోత్సవము మిగిలినది, వనము వెనుకబడినది. 2016 జూలై 11వ తేదీన ఉత్తరప్రదేశమున ఒక్క దినముననే దాదాపు 5 కోట్ల మొక్కలు నాటిరని చాటిరి. మరుసటి సంవత్సరము జూలై 2వ తేదీన మధ్యప్రదేశము పండ్రెండు గంటలలో 6 కోట్లకు పైగా నాటి ఆ లెక్కను దాటినది. అది పందెము, పందెమునకు గంటలు కావలెను, చెట్టునకు ఏండ్లు కావలెను. మా కార్యాలయమునకును ప్రతి ఆషాఢమున ఛాయాచిత్రములు వచ్చుచుండును: పెద్దమనుష్యుడు, నీళ్ల డబ్బా, ఎండలో గంటసేపు నిలువబెట్టిన పిల్లల వరుస. ఒక పట్టణమునుండి వరుసగా మూడేండ్లు వచ్చిన చిత్రములను ప్రక్కప్రక్కన పెట్టి చూచితిమి. గోడ అదే, గుంట అదే. మొక్క మాత్రము ప్రతియేడును క్రొత్తది. ఆ గుంటకైనను ఒక సన్మానపత్రము సమర్పింపవలసినది.

హాస్యమటుంచుదము. ఒక విషయమున మాత్రము పందెగాండ్రను పూర్తిగా నిందింపలేము. జూలైలో తొలకరి కురియు ప్రాంతములకు జూలై తగినదే. కాని క్యాలెండరులో ఒక తేదీ ముద్రించి దేశమంతటికిని అదే నాటువేళయని శాసించుట రైతు యెరుగని విద్య. నెల్లూరు రైతును అడుగుడు, శ్రీకాకుళము రైతును అడుగుడు. వానవేళ ఇద్దరును ఒక్కటి చెప్పరు. జాతుల విషయమును ఇంతే. తొందరగా పచ్చబడి ఫొటోలో నిండుగా కనబడుననియే నీలగిరియు సుబాబులును కొండలకెక్కినవి.

మరియొక మాట. బడి దుస్తులు ధరించిన పిల్లలనే కొండకు తీసికొనిపోయి, ఆ కొండమీదనే ప్రతిదినము మేకలు కాచుకొను పిల్లవానిని తరిమివేయుట న్యాయము కాదు, వివేకమును కాదు. ఆ వాలున ఏ బండక్రింద తేమ నిలుచునో, ఏ దారిన మంట ప్రాకునో వానికి తెలిసినంత మన మాస్టర్లకు తెలియదు. కొండను ప్రజలనుండి వేరుచేసి కాపాడజూచిన ప్రభుత్వపు కథ తెలుగుదేశము మరచినదా? పుల్లరి నిరాకరించిన పల్నాటి సమరమున కన్నెగంటి హనుమంతు 1922లో తుపాకిగుండ్లకు బలియైనాడు. అడవి తమదికాదని చెప్పబడిన జనులు అడవిని కాపాడరు. కాపాడవలెనని అడుగు హక్కును మనకుండదు. మొక్క పెరుగు మూడు నాలుగేండ్లు ఏ వాలు మూయవలెను, ఏ వాలు మేపునకు విడువవలెనన్నది కాపరులతో కూర్చుండి తేల్చుకొనవలసిన సంగతి. గడ్డి కోసికొనిపోవుట వారికి మేత, కొండకు రక్షణ. ఆ యేర్పాటున ఇరువురకును లాభమే.

ఇది తీరికవేళల ధర్మకార్యమని యెవరైనను తలచినచో వారిని 2024 డిసెంబరు 1వ తేదీకి తీసికొనిపోవుదుము. ఫెంగల్ తుపాను వానలకు ఆ అరుణాచలముననే కొండచరియ విరిగి పాదమున నున్న ఇంటిపై బడి ఏడుగురు మరణించిరి. వారిలో ఐదుగురు పిల్లలు. చెట్లుండిన అది జరిగియుండదని మేము వ్రాయము. అట్టి కుంభవృష్టికి అడవియున్న కొండలును జారినవి, బండమీది పలుచని మట్టిని వేరు కొంతవరకే పట్టగలదు. ఇల్లు కట్టిన చోటు, నీరు పోవు దారి, ఇవియును లెక్కలోనివే. అయినను వేరు పట్టగలిగిన ఆ కొంతవరకును పోగొట్టుకొనుట యెందుకు? అంతకు మూడు నెలల ముందే, ఆగస్టు 31న, మన విజయవాడలో మొగల్రాజపురము కొండరాళ్లు ఇండ్లపై బడి ప్రాణములు తీసినవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ కొండల పచ్చదనమును ఒక్కపూటలో ఊడ్చివేసినది. మెట్లు కట్టుకొని కొండలమీద కాపురముండువారు పేదలు. వారి పిల్లలే ఆ కొండలకు మొదటి తోటమాలులు కాదగినవారు, వాన కురిసిన రాత్రి నిద్రపట్టనిది వారి తల్లులకు గనుక.

విజయవాడ, విశాఖపట్టణ నగరపాలకుల ముందు, అట్లే కొండపాదమున పాఠశాలలున్న ప్రతి యూరిపెద్దల ముందు మేముంచు కోరిక చిన్నది. ఈ సంవత్సరము వేయి మొక్కలు చాలును. ఒక్కొక్క తరగతికి ఒక వాలు అప్పగింపుడు. ఆ తరగతి పైకిపోయినను వాలు వారిదే కావలెను. పిల్లలు తమ నోటుపుస్తకములలో మొక్క మొక్కకు సంఖ్యవేసి, ప్రతి వైశాఖమునను ఎక్కి లెక్కింతురు. ఆరవతరగతిలో నాటినవారు తొమ్మిదవతరగతి తలుపు తట్టకముందే మూడవ వేసవి గడచును. నాడు మిగిలినవెన్నో ఆ సంఖ్యను మాకు పంపుడు, మూడువందలైనను సరే. పెద్దమనుష్యుని ఛాయాచిత్రమునకు కేటాయించు స్థలముననే దానిని అచ్చువేయుదుము.