మా ఇల్లా? మన ఇల్లా?

ఈసారి మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతితో మొదలుపెడతాను.

మా అత్తగారు మొదటిసారి ఆస్ట్రేలియా వచ్చినప్పుడు మా ఎనిమిదేళ్ళ అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చి, "నానమ్మా, రేపు మేము బీచికి వెళ్తున్నాం!" అంది. ఆవిడ "వెళ్ళి రండమ్మా" అన్నారు. మర్నాడు పొద్దున్నే అందరం తయారయ్యాం. ఆవిడ మాత్రం ఇంటి చీరతోనే కూర్చున్నారు. "మీరు తయారవలేదేం అత్తయ్యగారూ?" అంటే, "నన్ను రమ్మని ఎవరూ అనలేదుగా" అన్నారు. పిల్ల బిక్కమొహం వేసి "నేను చెప్పానుగా!" అంది.

చెప్పిన మాట నిజమే. కాని ఇంగ్లీషులో అనుకుని తెలుగులో చెప్పింది. ఇంగ్లీషులో 'వుయ్' ఒక్కటే. మనకు రెండున్నాయి. వినేవారిని కలుపుకుంటే 'మనం', వదిలేస్తే 'మేము'. క్రియ చూసి పోల్చుకుందామంటే కుదరదు, రెండింటికీ 'వెళ్తున్నాం' అనే అంటాం. ఈ తేడా తమిళంలోనూ ఉంది (నామ్, నాంగళ్). హిందీ 'హమ్'కి లేదు. మనం ఉంటున్న ఈ దేశపు ఆదివాసుల భాషల్లో వార్ల్‌పిరి వంటి వాటిలో ఉంది. పొరుగున పాపువా న్యూగినీలో మాట్లాడే టోక్ పిసిన్‌లో 'యుమి' అంటే మనం, 'మిపెలా' అంటే మేము.

పురుషల పేర్లూ పిల్లల్ని తికమక పెడతాయి. ఇంగ్లీషు బడిలో 'నేను' ఫస్ట్ పర్సన్. మన వ్యాకరణంలో ప్రథమ పురుష అంటే వాడు, ఆమె, వాళ్ళు. నువ్వు, మీరు మధ్యమ పురుష. నేను, మేము, మనం ఉత్తమ పురుష. 'ఫస్ట్' అని 'ప్రథమ' రాస్తే తప్పే!

ఇక నామవాచకం ముందు నిలబడి ఏది, ఎవరిది, ఎన్ని అని చెప్పే మాటలను ఇంగ్లీషులో డిటర్మినర్లు అంటారు. ఎ, ది, దిస్, మై, అవర్ ఇలాంటివే. 'ఎ', 'ది' మనకు లేవని పెద్దవాళ్ళం భయపడతాం గాని, కథ చెప్పేటప్పుడు "అనగనగా ఒక అవ్వ. ఆ అవ్వకి ఒక మేక" అంటాం కదా! కొత్తగా వచ్చినదానికి 'ఒక', తెలిసినదానికి 'ఆ'. చాలాచోట్ల ఇంగ్లీషు పద్ధతీ అదే. కాకపోతే మనం వాటిని వదిలేసినా తప్పులేదు, వాళ్ళకు తప్పు. "మా ఆ పాత ఇల్లు" అని మనం రెండూ కలిపి అనవచ్చు, ఇంగ్లీషులో 'అవర్', 'దట్' పక్కపక్కన నిలబడవు.

మనవాళ్ళు జారిపడే చోటు ఇంకొకటుంది. తెలుగులో ఒక్కరే అయినా "మా ఆవిడ" అంటారు. దాన్ని అలాగే "అవర్ వైఫ్" అని ఆఫీసులో అన్నారో, నవ్వులపాలే!

పిల్లలకు నేను చెప్పే చిట్కా ఒక్కటే. మాట అనేముందు "వినేవాళ్ళూ ఇందులో ఉన్నారా?" అని అడుగుకోమనండి. ఉంటే మనం, లేకపోతే మేము. వారంలో వచ్చేస్తుంది.

ఆ రోజు అత్తయ్యగారు చీర మార్చుకుని బీచికి వచ్చారు. ఇప్పుడు మా అమ్మాయి ఫోనులో "నానమ్మా, మన ఇంటికి మళ్ళీ ఎప్పుడు వస్తావు?" అని అడుగుతుంది. 'మా ఇంటికి' అనదు. ఆవిడకి ఆ ఒక్క మాట చాలు.

మన సంఘ కుటుంబాలన్నిటికీ ఉగాది శుభాకాంక్షలు.