మా వదిన కాల్‌సైన్

తెలుగు డిపార్ట్‌మెంట్ గోడ మీద రేడియో సంగతేంటని మేడమ్‌లు అడగొచ్చు. నాకిది పేరుకు సంబంధించిన సంగతి.

మా అన్న, వదిన అమెరికాలో వర్జీనియాలో ఉంటారు. సెలవులొస్తే షెనండోవా నేషనల్ పార్కుకు వెళ్లి టెంటు వేసుకుంటారు. అన్నకు హామ్ రేడియో పిచ్చి. ఒక బ్యాటరీ, చిన్న రేడియో, పొడుగు కర్రకు కట్టిన తీగ, అంతే సామాను. ఆ తరంగాలు పైన అయనోస్ఫియర్‌కు తగిలి మళ్లీ నేలకు దిగుతాయి. అందుకే ఫోన్ సిగ్నల్ లేని కొండ మీంచి కూడా వేల కిలోమీటర్ల అవతలి మనిషితో మాట్లాడొచ్చు. 'పార్క్స్ ఆన్ ది ఎయిర్' అనే కార్యక్రమంలో ఒక్క రోజులో పది మందితో మాట్లాడితే ఆ పార్కు వాళ్ల లెక్కలో చేరుతుంది.

మొదట్లో వదిన పని ఉప్మా చెయ్యడం, అన్న చెప్పిన కాల్‌సైన్లు నోటుబుక్కులో రాయడం. హామ్‌ల భాషలో ఆడవాళ్లను 'వైఎల్' అంటారు, అంటే యంగ్ లేడీ. భార్యను 'ఎక్స్‌వైఎల్' అంటారు. అంటే మాజీ యంగ్ లేడీ! ఒకాయన రేడియోలో "మీ ఎక్స్‌వైఎల్‌ను అడిగానని చెప్పండి" అన్నాడట. సరదాకే అన్నాడు. వదినకు మాత్రం గుచ్చుకుంది. ఒక్కోదానిలో 35 ప్రశ్నలుండే పరీక్షలు రెండు రాసి పాసయింది. ఈసారి మైకు ముందు తనే కూర్చుంది. ఉప్మా అన్న చేశాడు.

పెళ్లయితే మన ఇంటిపేరు మారుతుంది, ఇనీషియల్ మారుతుంది. కాల్‌సైన్ అలా కాదు. పరీక్ష రాసిన మనిషిదే అది. మొగుడిది పెళ్లానికి రాదు. ఇద్దరూ కలిసి తిరగడం మంచిదే. కానీ ఆయన సరదాకు మనం సామాను మోస్తే అది కలిసి తిరగడం ఎలా అవుతుంది?

"ఈ తీగలూ బ్యాటరీలూ ఆడపిల్లలకెందుకు?" అనేవాళ్లకు ఒక మాట. హామ్ భారతీ ప్రసాద్ 2004 డిసెంబరులో రేడియో పట్టుకుని అండమాన్ వెళ్లారు. ఆమె అక్కడుండగానే 26న సునామీ వచ్చింది. ఫోన్లు మూగబోయిన చోట ఆమె బృందం రేడియోలే జనం క్షేమసమాచారాలు బయటికి చేర్చాయి. సరదాగా నేర్చిన విద్య అక్కరకొచ్చింది.

రేడియోనే నేర్చుకోమని నేననను. మన పేరు మీద నిలిచే విద్య ఏదైనా ఒకటి ఉండాలంటాను. ఇదే కావాలంటే మాత్రం, మన దేశంలో 12 ఏళ్లు నిండితే హామ్ పరీక్ష రాయొచ్చు. మనకవి ఎప్పుడో నిండాయి.

— బి.ఎ. రెండో సంవత్సరం విద్యార్థిని